నా కూతురి పేరు ఏ కార్డులోనూ లేదు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ జిల్లా పేజీలో చిన్న వయసు పెళ్లిళ్ల మీద ఒక వార్త వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల వయసు ఆడపిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో గర్భవతులో అయ్యారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిందని, దేశం మొత్తం మీద చూస్తే అది 6.8 మాత్రమేనని రాశారు. ఆ సర్వే జరిగేనాటికి మా అమ్మాయి ఇంకా హైస్కూల్లో ఉంది. ఇప్పుడు లెక్క తీస్తే ఆ పన్నెండు మందిలో మా ఇల్లు కూడా ఉంటుంది. అందుకే రాస్తున్నాను. చదువుకున్నవాణ్ణి కాదు, ఐటీఐ దాకా చదివాను. తప్పులుంటే సరిచేసి వేసుకోండి, కానీ విషయం మాత్రం తగ్గించకండి.

నేను చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టర్‌ని. 22 ఏళ్లుగా అదే పని. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మాకు ఇద్దరు పిల్లలు, పెద్దది అమ్మాయి. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ, 18 నిండిన ఐదో నెలలో, ఒకరోజు పొద్దున కాలేజీకని వెళ్లి సాయంత్రానికి గుళ్లో పెళ్లి చేసుకున్న ఫొటో పంపింది. ఆ అబ్బాయి గురించి ఈ ఉత్తరంలో ఏమీ రాయను. వాళ్లింట్లోనూ గడప తొక్కనివ్వలేదు. గుంటూరులో ఒక గది అద్దెకు తీసుకున్నారు. నాలుగు నెలలకు అతను పనికని హైదరాబాద్ వెళ్లాడు. ఆ తర్వాత ఫోన్ కలవలేదు.

ఆ నాలుగు నెలలూ నేను నా కూతురితో మాట్లాడలేదు. నేను షిఫ్టుకు వెళ్లగానే మా ఆవిడ ఫోన్ చేసుకునేది. నాకు తెలుసు, తెలియనట్టే ఉండేవాణ్ణి. ఉగాది ముందు రోజు రాత్రి పదకొండు దాటాక షిఫ్టు దిగి వస్తే, అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో పాత కాలేజీ బ్యాగు. "నాన్నా, మూడో నెల దాటింది" అంది. లోపలికి రా అనడానికి నాకు నోరు రాలేదు. మా ఆవిడ తలుపు బార్లా తీసి, కంచంలో అన్నం పెట్టుకొచ్చి ఆ అరుగు మీదే కూర్చోబెట్టి తినిపించింది. పిల్ల తినడం చూశాక తెలిసింది, సరిగ్గా తిని ఎన్ని రోజులైందో. చెయ్యి కడుక్కోవడానికి తను లేచినప్పుడు బ్యాగు తీసుకెళ్లి నేనే లోపల పెట్టాను.

మూడు రోజులకు ప్రైవేటు డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాం. 14 వారాలు అన్నారు. నేను వెంటనే "తీయించేయండమ్మా" అన్నాను. ఆమె నన్ను బయట కూర్చోమన్నారు. నేను తండ్రిని అన్నాను. "మీ అమ్మాయికి 18 నిండాయి. ఉంచుకోవాలన్నా వద్దన్నా తన ఇష్టమే చెల్లుతుంది, మీ సంతకం నాకు అక్కర్లేదు" అన్నారు. ఆరోజు అవమానంగా అనిపించింది. తర్వాత కనుక్కుంటే చట్టమే అలా ఉంది. 20 వారాల లోపు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు, 18 నిండిన స్త్రీకి ఆమె అంగీకారం ఒక్కటే చాలు. మొగుడిదీ వద్దు, తండ్రిదీ వద్దు. అరగంట తర్వాత పిల్ల బయటికొచ్చి "ఉంచుకుంటాను నాన్నా" అంది. సరే అన్నాను. ఆ ముక్క నేను మనసారా అన్నానని చెప్పను. కానీ అన్నాక మళ్లీ వెనక్కి తీసుకోలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

నా జీతం 17,800. అందులో నెలనెలా ఈఎస్ఐకి, అంటే కార్మికుల ఆరోగ్య బీమాకు, నూటికి ముప్పావలా చొప్పున 134 రూపాయలు కోస్తారు, కంపెనీ ఇంకో నాలుగింతలకు పైగా కడుతుంది. 22 ఏళ్లుగా కోస్తున్నారు. కాన్పుకు ఈఎస్ఐ ఉంది కదా అని ధైర్యంగా డిస్పెన్సరీకి తీసుకెళ్లాను. మా కార్డు మీద కుటుంబం ఫొటో ఉంటుంది. అందులో మా అమ్మాయి రెండు జడలతో, స్కూలు యూనిఫాంలో నా పక్కన నిలబడి ఉంటుంది. గుమస్తా ఆ ఫొటో చూసి, పిల్లను చూసి, "పెళ్లయిందా?" అని అడిగాడు. లైన్లో మా వెనక ఉన్న పెద్దాయన నా చెవిలో "కాలేదని చెప్పు బాబాయ్, ఎవరు చూడొచ్చారు" అన్నాడు. నేను పక్కకు తిరిగి చూసేసరికి మా అమ్మాయి పసుపుతాడును చున్నీ కిందకు తోసుకుంటోంది. రెండు వేళ్లతో, ఎవరికీ కనపడకుండా. అది చూశాక నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అయిందన్నాను.

ఆ గుమస్తా తప్పేమీ లేదు, మర్యాదగానే చెప్పాడు. ఈఎస్ఐ నిబంధనల్లో కుటుంబం అంటే ఎవరెవరో రాసి ఉంది. మన మీద ఆధారపడి చదువుకుంటున్న పిల్లలు వస్తారు. పెళ్లికాని కూతురు వస్తుంది. మా అమ్మాయి కాలేజీ మానేసింది కాబట్టి మొదటి దాంట్లో రాదు. పెళ్లయింది కాబట్టి రెండో దాంట్లోనూ రాదు. తినేది నా కంచంలో, పడుకునేది నా ఇంట్లో, కార్డులో మాత్రం లేదు.

అటు అత్తగారి వైపు రేషన్ కార్డులో ఎక్కించలేదు, ఎక్కించరు. మా వైపు మార్పులు చేయించాలంటే పెళ్లి సర్టిఫికెట్ అడిగారు. గుళ్లో కట్టిన తాళికి సర్టిఫికెట్ ఎక్కడిది? రిజిస్టరు చేయించాలంటే అతను రావాలి. మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాడికి మంచి గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది. వాణ్ణి అడిగితే కాన్పు ఖర్చు ఉద్యోగికీ, ఉద్యోగి భార్యకే వస్తుంది మామయ్యా అన్నాడు. మా వీధిలో ఉండే పాలసీల ఏజెంటు నిజాయితీపరుడు, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎక్కువ పాలసీల్లో కాన్పు ఖర్చు రావాలంటే కట్టిన తర్వాత రెండేళ్లో మూడేళ్లో ఆగాలట, ముందే ఉన్న గర్భానికి రాదట. ఇక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో అడిగితే మామూలు కాన్పుకు 45 వేలు, ఆపరేషన్ అయితే 80 వేలు అన్నారు. నా నాలుగున్నర నెలల జీతం.

సంపాదకులు గారూ, నా బాధ ఇక్కడే. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది మన ఆచారం. తాతల నాటి నుంచీ అంతే. పెళ్లి చేసి పంపినా, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసుకొచ్చి, పురుడు పోసి, మూడో నెలో ఐదో నెలో సారె పెట్టి పంపుతాం. ఖర్చంతా పుట్టింటిదే. ఏ కులమైనా, ఏ ఊరైనా ఇది ఇంతే కదా! మరి కాగితాలు రాసిన వాళ్లకు ఈ సంగతి తెలియదా? పెళ్లయిన రోజే పిల్లను పుట్టింటి కార్డులో కొట్టేస్తే, ఆ తొలి కాన్పు ఎవరి లెక్కలో పడాలి? పద్ధతిగా పెళ్లి చేసుకున్న పిల్లకు అటు మొగుడి కార్డయినా ఉంటుంది. మా పిల్లలాంటి వాళ్లకు అదీ లేదు. 19 నిండని పిల్ల, కడుపులో బిడ్డ, ఇద్దరూ ఏ ఇంటి పద్దులోనూ లేరు.

మూడు వారాలు టెన్షన్‌తో నిద్రపట్టలేదు. అప్పుకు కూడా ఒకాయన్ను అడిగి పెట్టుకున్నాను. ఆ సమయంలో మా వీధి ఆశా కార్యకర్త, మేం ఆశమ్మ అంటాం, ఒక సాయంత్రం తనంతట తానే ఇంటికి వచ్చింది. ఎవరో చెప్పారట. నేను కార్డు సంగతంతా చెప్పుకొని ఏడుస్తుంటే "అన్నా, కాన్పుకు కార్డెందుకు?" అంది.

నిజంగా నాకు ఈ ముక్క 45 ఏళ్లొచ్చినా తెలియదు. జననీ శిశు సురక్షా కార్యక్రమం అని 2011 జూన్ నుంచి ఉంది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు వచ్చిన ఏ గర్భిణికైనా కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్‌కు 7 రోజులు భోజనం పెడతారు. రావడానికీ పోవడానికీ బండి. పుట్టిన బిడ్డకు బాగాలేకపోయినా వైద్యం ఉచితమే. తెల్ల కార్డా, మొగుడెవరు అన్న షరతు లేదు. ఇన్నేళ్లుగా మా పీహెచ్‌సీ గోడ మీద ఈ మాట రాసే ఉంది. నేను ఆ గోడ పక్కనే బండి పెట్టుకుని టీ తాగేవాణ్ణి.

మర్నాడే ఏఎన్ఎం గారు పేరు రాసుకుని తల్లీబిడ్డల కార్డు ఇచ్చారు. మా అమ్మాయి పేరు మొదట ఉన్న కార్డు అదొక్కటే. ధనుర్వాతం ఇంజక్షన్ వేశారు, రక్తపరీక్ష చేశారు. రక్తం, అంటే హిమోగ్లోబిన్, 7.8 ఉంది. గర్భిణికి 11 ఉండాలట. ఆ తొమ్మిదో తారీఖు లేడీ డాక్టరు వచ్చి చూశారు. ప్రతినెలా 9న గర్భిణులను పెద్ద డాక్టర్లు చూసే ఏర్పాటు 2016 నుంచి ఉందట. ఐరన్ మాత్రలు ఇచ్చారు. వేసుకున్నదల్లా వాంతి చేసుకునేది. పైగా మా ఆవిడ నీరసం తగ్గుతుందని మాత్ర వేసుకోగానే స్ట్రాంగ్ టీ ఇచ్చేది. ఆశమ్మ చూసి కేకలేసింది. టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, కాల్షియం మాత్రతో కలిపి కూడా వేసుకోకూడదు, రాత్రి అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్లతో వేసుకోమంది. అయినా ఐదో నెలలో రక్తం 8.1 దగ్గరే ఆగిపోయింది. అప్పుడు ఏరియా ఆసుపత్రిలో ఐరన్ సుక్రోజ్ అని సెలైన్‌లో కలిపి రోజు విడిచి రోజు ఎక్కించారు. ఎనిమిదో నెలకు 10.2కి వచ్చింది. ఆ చీటీ చూసి నేను మిల్లులో అందరికీ చెప్పుకున్నాను, పిల్ల పరీక్ష పాసైనట్టు.

ఒక్క విషయం మాత్రం ప్రతిచోటా ఎదురైంది. ఎక్కడికెళ్లినా మొదటి ప్రశ్న "భర్త పేరు?", రెండో ప్రశ్న "ఆయన రాలేదా?", మూడోది "ఆయన ఆధార్ జిరాక్స్?" స్కానింగ్ దగ్గర పదిమందిలో గట్టిగా అడిగారు. పిల్ల తల దించుకుంది. నేను ముందుకెళ్లి "నేను తండ్రిని, నేనున్నాను, రాసుకోండి" అన్నాను. ఆ తర్వాత ప్రతిసారీ సెలవు పెట్టుకుని నేనే వెళ్లాను. ఆడవాళ్ల వరసలో ఒక్క మగాణ్ణి కూర్చునేవాణ్ణి, అలవాటైపోయింది.

ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు రెండు విడతల్లో 5,000 వస్తాయని అంగన్‌వాడీ టీచర్ చెప్పారు. అక్కడా ముందు భర్త ఆధార్ కావాలన్నారు. తీరా ఆవిడే కొత్త నిబంధనలు తెప్పించుకుని చదివి, భర్త ఆధార్ తప్పనిసరి కాదని, విడిచిపెట్టబడ్డ వాళ్ల కోసమే అలా మార్చారని చెప్పారు. వయసు మాత్రం 18 ఏళ్ల 7 నెలలు నిండి ఉండాలి. మా అమ్మాయికి నిండాయి. ఆధార్‌కు లింకైన సొంత ఖాతా లేక పోస్టాఫీసులో తెరిపించాం. మొదటి విడత 3,000 పడ్డ రోజు ఆ మెసేజ్ నాకు చూపించింది. తన పేరు మీద వచ్చిన మొదటి డబ్బు. దాంతో బిడ్డకు కాదు, వాళ్లమ్మకు కుట్టుమిషన్ మోటారు బాగుచేయించింది.

కాన్పుకు ఇంకా మూడు వారాలు ఉందనగా కాళ్లు వాచాయి. గర్భిణులకు మామూలే అనుకున్నాం. ఆశమ్మ వచ్చి పాదాలు చూసింది. వెండి పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. సబ్బు రాసి లాగినా రాలేదు, చివరికి నేనే మిల్లు నుంచి తెచ్చుకున్న చిన్న కట్టర్‌తో తెంపాను. "తలనొప్పిగా ఉందా? కళ్ల ముందు మసగ్గా ఉందా?" అని అడిగింది. రెండు రోజుల నుంచీ ఉందంది పిల్ల. ఆ మాట విని ఆశమ్మ ఇంకేం అడక్కుండా 108కి ఫోన్ చేసింది. ఏరియా ఆసుపత్రిలో బీపీ 160/110. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజక్షన్ ఇచ్చి అదే రాత్రి పెద్దాసుపత్రికి పంపారు. తెల్లవారుజామున ఆపరేషన్ చేశారు. బయట రోడ్డు మీద వినాయక నిమజ్జనానికి డప్పులు మోగుతున్నాయి, లోపల నుంచి నర్సమ్మ వచ్చి ఆడపిల్ల అని చెప్పింది. 2.1 కిలోలు. ఆరు రోజులు నవజాత శిశు విభాగంలో ఉంచారు. తర్వాత బిడ్డను చొక్కా లేకుండా తల్లి గుండెకు ఆనించి గుడ్డతో కట్టుకోవడం నేర్పారు. మా అమ్మాయి గంటల తరబడి అలాగే కదలకుండా కూర్చునేది. ఇంట్లో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చునేది కాదు.

పది రోజుల తర్వాత ప్రభుత్వ బండిలోనే ఇంటికి వచ్చాం. నేను చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మొదటి ప్రైవేటు పరీక్ష నుంచి ఇంటికి వచ్చేదాకా నా చేతి ఖర్చు 11,400. ఆటోలు, మా భోజనాలు, పాత చీరలు చాలక కొన్న గుడ్డలు. ఆపరేషన్‌కు, మందులకు, బిడ్డ వైద్యానికి ఒక్క రూపాయి అడగలేదు.

ఇవన్నీ మా పిల్లకు 18 నిండాయి కాబట్టి సాఫీగా జరిగాయి. మా మిల్లులోనే ఇంకో కార్మికుడు ఉన్నాడు. వాళ్లమ్మాయికి 17. ఆసుపత్రికి తీసుకెళితే పోక్సో (18 లోపు పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసవుతుంది, పెళ్లి చేసినందుకు తననూ లోపలేస్తారని భయపడి ఊళ్లో ఆర్‌ఎంపీతోనే మందులిప్పించాడు. కేసు భయం వట్టిదేమీ కాదు, 18 లోపు అయితే పోలీసులకు తెలపాలని చట్టంలో ఉంది. ఎనిమిదో నెలలో ఆ పిల్లకు గుర్రపు వాతం, అంటే బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, వచ్చింది. పిల్ల దక్కింది, బిడ్డ దక్కలేదు. నాకు మెగ్నీషియం ఇంజక్షన్ గురించి తెలిసిన రోజే అతనికి చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. కేసు ఉన్నా లేకపోయినా వైద్యం చేయాల్సిందేనని ఆ తండ్రికి ఎవరు చెప్పాలి? గర్భం వద్దనుకుని వచ్చిన మైనరు పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే ఆమె పేరు, వివరాలు పోలీసులకు ఇచ్చే సమాచారంలో డాక్టర్లు రాయనక్కర్లేదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పిందని ఆ తండ్రికి ఎవరు చెప్పాలి? మీ పేపర్ చెప్పొచ్చు. అరెస్టుల వార్త పెద్దగా వేస్తారు, ఆ పక్కనే ఇదీ నాలుగు లైన్లు వేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చని వేయండి.

మా ఎమ్మెల్యే గారికి, కార్మిక శాఖకు కూడా ఈ ఉత్తరం నకలు పంపుతున్నాను. నేను అడిగేది పెద్దదేం కాదు. 21 నిండని కూతురు పెళ్లయినా తండ్రి మీదో తల్లి మీదో ఆధారపడి ఉంటే, తొలి కాన్పు అయ్యేదాకా, బిడ్డకు ఏడాది నిండేదాకా పుట్టింటి ఈఎస్ఐ కార్డులో ఉంచండి. ప్రతినెలా మా జీతంలోంచి కోస్తున్న డబ్బే కదా. రేషన్ కార్డు మార్పులకు భర్త వస్తేనే అనకుండా, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం రాసిచ్చిన తల్లీబిడ్డల కార్డును ఆధారంగా తీసుకోండి. ఇక కౌంటర్ల దగ్గర కూర్చునే వాళ్లకు ఒక మనవి. భర్త పేరు అడగాల్సి వస్తే అడగండి, కొంచెం నెమ్మదిగా అడగండి.

తండ్రులకు కూడా ఒక మాట చెప్పాలని ఉంది. నేను నాలుగు నెలలు మాట్లాడకుండా ఉన్నాను కదా, ఆ నాలుగు నెలల్లోనే పిల్లకు రక్తం 7.8కి పడిపోయింది. గుంటూరు గదిలో ఒక పూట తిని ఒక పూట మానేసేదట. ఆ సంగతి నాకు చెప్పలేదు, వాళ్లమ్మకు చెప్పుకుంది. కోపం ఉంటే ఉండనివ్వండి, ఫోన్ మాత్రం ఎత్తండి.

మనవరాలికి ఇప్పుడు ఐదో నెల. ఐదున్నర కిలోలు. టీకాలన్నీ వేయించాం. మా అమ్మాయి వచ్చే ఏడాది దూరవిద్యలో డిగ్రీ కడతానంటోంది, ఫీజు నేను కడతానన్నాను. కార్డులో చేర్చమని పెట్టిన అర్జీ ఇంకా తేలలేదు. బిడ్డ పేరు కూడా ఏ కార్డులోనూ ఎక్కలేదు. మిల్లు ఆఫీసులో మాత్రం, పెళ్లయిన అమ్మాయిని తీసేసి కుటుంబం ఫొటో కొత్తది ఇవ్వమని రెండుసార్లు అడిగారు. నేను ఇంకా ఇవ్వలేదు.

దయచేసి నా పేరు వేయవద్దు, అమ్మాయి కోసం.

ఇట్లు,
ఒక మిల్లు కార్మికుడు,
చిలకలూరిపేట మండలం, పల్నాడు జిల్లా